దొరదణ్ణం

మాఘ శుద్ధ పంచమి

ముందు ఒక మామూలు పొద్దుటిని రాసిపెడతాను. మొన్న సోమవారంది. అలాంటిది మళ్ళీ ఎన్ని వస్తాయో తెలియదు కాబట్టి.

దీపం పెట్టి, పెంచలస్వామి పటానికి రెండు మందారాలు పెట్టాను. నాకు ఆయన పేరే పెట్టారు, పెంచలమ్మ అని. బయటికి వచ్చేసరికి నా చెల్లెలు కస్తూరి చెప్పులు వేసుకుని గడప దగ్గర నిలబడి ఉంది. తమ్ముడు మునెయ్య షెడ్డు గేటు దగ్గర టీ కొట్టు నడుపుతాడు, వాడు చీకటితోనే వెళ్ళిపోయాడు. వాడి భార్య సరోజ చద్దన్నంలో మజ్జిగ కలిపి, ఉల్లిపాయ ముక్కలు వేసి మూడు డబ్బాలు కట్టింది. ముగ్గురం బయల్దేరాం. ఒకప్పుడు వరి పండిన మళ్ళు ఉప్పు పొర కట్టి తెల్లగా మెరుస్తున్నాయి. సముద్రం పైకి వచ్చిన దగ్గర్నుంచి వాటిల్లో ఏమీ మొలవదు. వాటి మధ్య గట్టు మీదుగా నడిచి వెళ్ళాం. సరోజ ముందు, కస్తూరి వెనక, మధ్యలో నేను. కస్తూరి దారిపొడుగునా సరోజ కొత్త చీర రంగు మీద ఏదో ఒకటి అంటూనే ఉంది. సరోజ నవ్వుతూనే ఉంది.

షెడ్డులో వరసగా కుర్చీలు. ఒక్కో కుర్చీ ముందు చేతొడుగుల జత వేలాడుతుంది. అవి తొడుక్కుని కళ్ళజోడు పెట్టుకుంటే, సముద్రాలకవతల మంచుదేశంలో, పెద్ద గాజుతోటలో ఇనప చేతులు లేస్తాయి. అవి పైన పట్టాల మీద వేలాడుతూ జరుగుతుంటాయి. ఇక్కడ నేను వేలు వంచితే అక్కడి వేలు వంగుతుంది. అక్కడ ఏది తగిలితే దాని ఒత్తిడి ఇక్కడ నా వేళ్ళకి తెలుస్తుంది.

మా పని టమాటా నారుకి అంట్లు కట్టడం. గట్టి వేరున్న మొక్క తల కోసి, మంచి కాయ కాసే మొక్క తలని దాని మీద నిలిపి క్లిప్పు పెట్టాలి. ట్రే నిండాక తడిగుడ్డ కప్పాలి. గాయం మానేదాకా మొక్కకి వెలుతురు తగలకూడదు.

ఒడుగులు తొడగ్గానే అవి వాటంతటవే మన చేతిని లాగుతాయి. కుడి పిడికిలి ముడుచుకుని బల్ల మీద రెండుసార్లు మెల్లగా తడుతుంది. తర్వాత అరచెయ్యి తెరుచుకుంటుంది. షెడ్డు తెరిచిన మొదటి రోజు నుంచీ అంతే. కంపెనీ దొరల దేశంలో నమస్కారం ఇలాగే ఉంటుంది కాబోలు అనుకున్నాం. ఎవరు పెట్టారో గానీ దానికి దొరదణ్ణం అని పేరు పడిపోయింది.

ఎవరైనా దణ్ణం పెడితే మనమూ పెట్టాలి కదా. అందుకని మేమూ ఒడుగులను కళ్ళకద్దుకుని పని మొదలుపెడతాం. అప్పుడు అక్కడ, మనిషి పొడ లేని ఆ గాజుతోటలో, వరస వరసంతా ఇనప చేతులు పైకి లేచి, పైనున్న కెమెరా గాజుకళ్ళకి ఆని, కిందికి దిగుతాయి. మొదట్లో నవ్వు వచ్చేది. ఇప్పుడు అది చూడకపోతే తెల్లవారినట్టే ఉండదు.

ఆ రోజూ అలాగే తెల్లవారింది. టీ వేళకి మునెయ్య గ్లాసులు అందిస్తూ కబురు చెప్పాడు. పౌర్ణమికి రేటు చెప్పాలట. ఈసారి మా ఊరొక్కటే కాదట, పోటీకి ఇంకో రేవు ఊరు కూడా ఉందట.

రథసప్తమి

తలమీద జిల్లేడాకులు పెట్టుకుని స్నానం చేసి, సూర్యుడికి దణ్ణం పెట్టుకుని షెడ్డుకి వెళ్ళాను. షెడ్డు మేనేజరు వైదేహి గారు మమ్మల్నందరినీ కూర్చోబెట్టి మాట్లాడింది. నెమ్మదస్తురాలు. దాచిపెట్టి మాట్లాడే మనిషి కాదు.

మా షెడ్డులో ఇంటి రేటు అని ఉంటుంది. ఒక్కో ట్రేకి ఎన్ని చుక్కలకి పనిచేస్తామో ఏటా ప్రతి ఇల్లూ చెప్పాలి. ఇంట్లో ఎంతమంది పనిచేసినా మాట ఒక్కటే. చుక్క అంటే కంపెనీ పెట్టిన కూలి కొలత. ఏ దేశంలోనైనా అదే చుక్క. ఇళ్ళన్నీ చెప్పినదాన్ని కలిపి ఊరి రేటు తీస్తారు. మొదటి సంవత్సరం ఎనిమిది అన్నాం. ఇప్పటికీ ఎనిమిదే.

ఆవిడ చెప్పింది ఇది. పది చుక్కలు పెడితే మనిషి అక్కర్లేని యంత్రమే దొరుకుతుంది. పదికి లోపల ఉన్నంతకాలం కంపెనీకి మనుషులే నయం. ఆ లోపల ఎవరిది తక్కువైతే షెడ్డు వాళ్ళ ఊళ్ళో ఉంటుంది. ఇప్పుడు అరేబియా సముద్రానికి అవతల, ఆఫ్రికా ఒడ్డున ఒక ఊరు ఏడుకి వస్తానంటోంది. మేం ఆరు అంటే షెడ్డు కదలదు. లేదా ఏడు అని, అనవసరపు కదలికలు ఆపినా చాలు. ఒడుగులు పొద్దున తట్టడం, మేం కళ్ళకద్దుకోవడం, రెండూ. అన్ని వరసల్లో, అన్ని షిఫ్టుల్లో కలిపితే ఆ కాలం ఒక చుక్క విలువ చేస్తుందట.

ఆవిడ మీద నాకు కోపం రాలేదు. లెక్క లెక్కలాగే ఉంది.

ఇంటికి వస్తూ కస్తూరి అంది.

“నీ దణ్ణం ఒక చుక్కంట అక్కా. దేవుడికి కూడా రేటు ఉండాదని నాకీ పొద్దే తెలిసింది.”

అది ఊరుకోలేదు.

“రేపట్నించి మనసులో పెట్టుకో దణ్ణం. మనసుకి పట్టాలుండవు, ఎవురూ లెక్కెయ్యరు.”

దాని భయం నాకు తెలుసు. కస్తూరి ఇరవై ఏళ్ళ వయసులో చెన్నై పక్కన బట్టల ఫ్యాక్టరీలో కుట్టు మిషను మీద చేరింది. అక్కడ కూలి పెరిగిందని ఆ ఫ్యాక్టరీ బెంగళూరు అవతలికి పోయింది. ఇది కూడా బస్సెక్కి వెనకే పోయింది. అక్కడ చెప్పుల ఫ్యాక్టరీలోకి మారింది. కొన్నాళ్ళకి అదీ వేరే దేశానికి పోయింది. అప్పుడు పెట్టె పట్టుకుని ఇంటికి వచ్చి, ఇంక ఏ ఫ్యాక్టరీ వెనకాలా పరిగెత్తనని గడప మీద కూర్చుని ఏడ్చింది. ఆ ఏడే ఇక్కడ షెడ్డు పెట్టారు. ఈసారి ఫ్యాక్టరీయే తనని వెతుక్కుంటూ వచ్చిందని నవ్వింది. దానికిప్పుడు యాభై. వేరే పని రాదు. పోవడానికి వేరే ఊరూ లేదు.

దశమి

వైదేహి గారు నన్ను గదికి పిలిచింది. మా వరసకి నేను పెద్దని. కళ్ళకద్దుకోవడం ఆపమని ఆడవాళ్ళకి నేను చెబితే వింటారని ఆవిడ నమ్మకం.

తట్టడం సంగతి మాత్రం మా చేతుల్లో లేదన్నాను. అది కంపెనీవాళ్ళ నమస్కారం, వాళ్ళే ఆపుకోవాలి అన్నాను.

ఆవిడ ముందు నవ్వింది. నా మొహం చూసి ఆపేసింది.

“అది కంపెనీది కాదు పెంచలమ్మ గారూ. ఈ ఒడుగులు తొడుక్కున్న చేతి అలవాటు నేర్చుకుంటాయి. మీకంటే ముందు ఇవి వేరే వాళ్ళ దగ్గర ఉండేవి. తూర్పున ఒక దీవి. పని మొదలుపెట్టేముందు వాళ్ళు బల్ల తట్టేవాళ్ళు.”

ఎందుకు తట్టేవాళ్ళని అడిగాను. ఎవరూ అడిగినట్టు లేదంది. ఇప్పుడు వాళ్ళు ఏం చేస్తున్నారని అడిగాను. తెలియదంది. వాళ్ళ దగ్గర్నుంచి ఎందుకు ఎత్తేశారని అడిగాను. దానికి మాత్రం ఆవిడ దగ్గర జవాబు ఉంది. వాళ్ళది తొమ్మిది. ఆ సంవత్సరం మేం ఎనిమిది అన్నాం.

కుర్చీకి తిరిగివచ్చి ఒడుగులు తొడుక్కున్నాను. పిడికిలి ముడుచుకుంది. రెండుసార్లు తట్టింది. అరచెయ్యి తెరుచుకుంది.

ఇన్నేళ్ళూ దొర పెట్టిస్తున్నాడనుకున్నాం. ఎవరో ఆడమనిషి చెయ్యి అది. ఏ దేవుడి తలుపు తట్టిందో. మా రేటు చూపించి ఆమె పని తీసేశారు. ఆమె చెయ్యి మాత్రం రోజూ పొద్దున వచ్చి నా చేతిలో కూర్చుంటోంది.

ఇంట్లో చెప్పాను. సరోజ కాసేపు చెయ్యి మడిచి, తెరిచి చూసుకుంది. మనం కావాలని చేశామా అంది కస్తూరి. కావాలని చేయలేదన్నాను. మరింకేంది అంది. మునెయ్య మాత్రం, ఆ దీవిలో కూడా గేటు దగ్గర టీ కొట్టు ఉండేదేమో అన్నాడు.

ఏకాదశి

ఉపవాసం. మంచినీళ్ళు మాత్రం తాగాను.

గాజుతోటలో మా పక్క పట్టాల మీద ఇవాళ కొత్త చేతులు కదిలాయి. అవతలి రేవువాళ్ళకి పని చూపిస్తున్నారు. వాళ్ళ వరసకీ మా వరసకీ మధ్య ఉన్నది ఒకే బల్ల. నిండిన ట్రేలన్నీ దాని మీదే పెట్టాలి.

నాకు ఎదురుగా ఉన్న చెయ్యి ఒడుగు లాగినట్టు లేచింది. రెండుసార్లు తట్టింది. అరచెయ్యి తెరిచింది. తర్వాత పైకి లేచి గాజుకళ్ళకి ఆనింది.

అది నాది. మాది. మా పాత ఒడుగుల అలవాటుని వాళ్ళ కొత్త ఒడుగుల్లోకి పోసి పంపారన్నమాట. దీవి వాళ్ళ దణ్ణం, దాని వెనక మా దణ్ణం.

ఆ చెయ్యి కిందికి దిగి ఒక్క క్షణం ఆగింది. తర్వాత తనంతట తాను మనిషికి గుండె ఉండే చోటికి పోయి, ఆగి, తిరిగి వచ్చింది. అది ఒడుగు చేసింది కాదు. ఆ మనిషి చేసింది. ఎవరో దణ్ణం పెడుతున్నారు కాబట్టి తనూ పెట్టింది.

వాళ్ళ ఊళ్ళో మా దణ్ణానికి ఏం పేరు పెట్టారో. దొరదణ్ణం లాంటిదే ఏదో పెట్టి ఉంటారు.

త్రయోదశి

ఇవాళ జరిగింది జాగ్రత్తగా రాయాలి.

మా నాయన ఎద్దుల దళారి. సంతలో ఆయన బేరం నోటితో చేసేవాడు కాదు. తువ్వాలు కప్పి, దాని కింద ఎదుటివాడి వేళ్ళు పట్టుకునేవాడు. పట్టుకున్న వేళ్ళెన్నో ధర అంత. చెయ్యంతా పట్టుకుంటే అయిదు, ఆ తర్వాత పట్టిన వేళ్ళు దానికి కలపాలి. నెట్టేస్తే ఒప్పుకోనని, గట్టిగా నొక్కితే ఖాయమని. చుట్టూ ఎంతమంది నిలబడినా ధర ఆ రెండు చేతులకే తెలియాలి. కొడుక్కి నేర్పినట్టు నాకు నేర్పాడు, మునెయ్య ఇంకా పుట్టలేదు అప్పటికి.

ట్రే నింపి మధ్య బల్ల మీద పెట్టి తడిగుడ్డ పరుస్తున్నాను. గుడ్డ రెండో అంచుని ఎదుటి చెయ్యి పట్టుకుంది. సాయం చేస్తోందనుకున్నాను. గుడ్డ ట్రే మీద పడగానే, దాని కింద నా చెయ్యంతా పట్టుకుంది. వదిలి, ఒక వేలు పట్టుకుంది. వెంటనే నా చేతిని వెనక్కి నెట్టింది.

నాయన తువ్వాలు గుర్తొచ్చింది. ఆరు. ఒప్పుకోను.

వాళ్ళ ఒడ్డున కూడా ఎద్దుల సంతలు ఉంటాయి కాబోలు. లేదా ఒంటెల సంతలు. వాళ్ళ నాయనలూ గుడ్డ కిందే బేరమాడి ఉంటారు. నాకు తెలుస్తుందో లేదో తెలియకుండానే పట్టుకుంది ఆ మనిషి. ధైర్యవంతురాలు. ఆడమనిషేనని ఎందుకనుకుంటున్నానో తెలియదు. అనుకుంటున్నాను.

వాళ్ళనీ ఆరే అడుగుతున్నారన్నమాట. మేం ఏడుకి దిగుతామని చెప్పి వాళ్ళని, వాళ్ళ ఏడు పేరు చెప్పి మమ్మల్ని. ఇందులో అబద్ధం ఎవరూ ఆడలేదేమో. రెండు ఊళ్ళూ భయపడుతున్నాయి. ఆ భయమే అటూ ఇటూ తిరుగుతోంది.

గాజుకళ్ళకి గుడ్డ కింద ఏం జరుగుతుందో కనపడదు. చూసేవాళ్ళకి ఇద్దరు పనివాళ్ళు గుడ్డ సర్దుతున్నట్టే ఉంటుంది. పెంచలస్వామిని తలుచుకున్నాను. ఆమె చెయ్యి పట్టుకున్నాను. చెయ్యంతా. తర్వాత మూడు వేళ్ళు పట్టుకోవాలి, మా ఎనిమిది. నాలుగు పట్టుకున్నాను.

తొమ్మిది. దీవి వాళ్ళ రేటు. యంత్రానికి ఒక్క మెట్టు కింద.

ఆ చెయ్యి కదల్లేదు. నేను అడగకూడనిది అడిగానేమో అనిపించింది. తర్వాత నా నాలుగు వేళ్ళు ఆమె గట్టిగా నొక్కింది.

ట్రే వెనక ట్రే, పని చేస్తూనే ఉన్నాం. మళ్ళీ గుడ్డ కింద కలవలేదు. నాయన కూడా అంతే. ఖాయం చేసిన బేరాన్ని రెండోసారి ముట్టుకునేవాడు కాదు.

పౌర్ణమి

రేటు చెప్పాల్సిన రోజు. సాయంత్రం షెడ్డు విడిచాక, దీపాలు పెట్టే వేళకి ఇంటింటికీ వచ్చి మాట తీసుకుంటారు. మా షిఫ్టు దిగి మధ్యాహ్నమే నలుగురం కూర్చున్నాం. మునెయ్య కొట్టు మూసి వచ్చాడు.

జరిగిందంతా చెప్పాను. బేరం నేను చేశాను గానీ మాట ఇంటిదని, ఇల్లు కాదంటే కాదేనని చెప్పాను.

కస్తూరి మొహం ఎర్రబడింది. గట్టిగా అరవలేదు. అరిచినా బాగుండేది.

“నా పని పెట్టి బేరమాడినావు అక్కా. నన్ను అడగలా.”

“అడగలేదు. అందుకే ఇప్పుడు అడుగుతున్నా.”

అది వేసిన ప్రశ్నలన్నీ న్యాయమైనవే. అవతలి మనిషి ఇవాళ ఆరు అని చెప్పేస్తే? చెప్పవచ్చన్నాను. ఆమె ఇల్లు ఒప్పుకున్నా ఆ ఊరు ఒప్పుకోకపోతే? అదీ జరగవచ్చన్నాను. రెండూళ్ళూ తొమ్మిది అంటే కంపెనీ మూడో ఊరు వెతుక్కోదా? వెతుక్కుంటుందన్నాను. తొమ్మిదికీ పదికీ ఎంత దూరం, యంత్రమే తెచ్చుకుంటే? తెచ్చుకోవచ్చన్నాను. అయితే ఇంక నీ చేతిలో ఏముందంది.

చేతిలో ఒక చెయ్యి ఉందన్నాను.

సరోజ తన మాట చెప్పింది. ఆరుకి పనిచేస్తే వచ్చేదాంతో ఇల్లు జరగదు, ముగ్గురం చేసే పని నలుగురు చెయ్యాలి, నాలుగో మనిషి లేడు. వచ్చే సంవత్సరం అయిదు అడుగుతారు అంది. మునెయ్య, తన కొట్టు షెడ్డుతోనే వచ్చింది, షెడ్డుతోనే పోతుంది, కాబట్టి తను మాట్లాడకూడదన్నాడు. నువ్వూ మాట్లాడాలన్నాను. తొమ్మిది అన్నాడు, నేలకేసి చూస్తూ.

కస్తూరి లేచి వాకిట్లోకి పోయింది. గడప మీద కూర్చుంది. చెప్పుల ఫ్యాక్టరీ పోయిన ఏడు కూర్చున్న చోటే. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఉప్పుమళ్ళ వైపు చూస్తూ మొదలుపెట్టింది.

“చెన్నైలో చెప్పినారు, ఫలానా ఊళ్ళో తక్కవకి చేస్తా ఉండారని. బెంగుళూరులో అదే చెప్పినారు. ఆ ఫలానా ఊరోళ్ళని నేను ఎప్పుడూ చూడలా. ఎంత తిట్టుకున్నానో వాళ్ళని.” ఆగి అడిగింది. “నువ్వు నిజంగా పట్టుకున్నావా ఆమె చెయ్యి?”

“పట్టుకున్నా.”

“ఎట్టా ఉండాది?”

“ఇనుమే కదమ్మే. కానీ గట్టిగా నొక్కింది.”

కస్తూరి ఆ మాటకి నా వైపు తిరిగింది. తర్వాత తన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది.

“నాదీ పట్టుకో అక్కా” అంది.

దాని చెయ్యి పట్టుకున్నాను. లోపలికి వచ్చాం.

సాయంత్రం దీపం పెట్టే ముందు ఇంట్లో నిర్ణయించినవి ఇవి. ఈ ఏటికి మా ఇంటి రేటు తొమ్మిది. వైదేహి గారు మళ్ళీ అడిగినా తొమ్మిదే. ఎందుకని అడిగితే, మా ముందువాళ్ళ రేటు అదేనని చెప్పాలి. గుడ్డ కింద సంగతి చెప్పకూడదు. పక్క ఇళ్ళు మమ్మల్ని అడిగితే మా రేటు దాచకూడదు, వాళ్ళు ఎంత చెప్పాలో మాత్రం మేం చెప్పకూడదు. కళ్ళకద్దుకోవడం మానకూడదు. షెడ్డు ఎత్తేస్తే దాని వెనకాల ఎవరూ వెళ్ళకూడదు. ఈ మాట కస్తూరి పెట్టించింది. అప్పుడు ఏం చేసి బతకాలో ఆ రోజు నలుగురం ఇలాగే కూర్చుని చూసుకోవాలి.

ఇంకొకటి కూడా కస్తూరే పెట్టించింది. ఒడుగులు బల్ల తట్టినప్పుడు దాన్ని దొరదణ్ణం అనకూడదు. ఈ ఇంట్లో ఇకమీద దాని పేరు ముందోళ్ళ దణ్ణం.

రేటు మాట తీసుకోవడానికి వచ్చినవాళ్ళ పిలుపు వాకిట్లో వినపడింది. మాట చెప్పడానికి కస్తూరే వెళ్ళింది.